ఆమె పోగొట్టని మరక

మొన్న శుక్రవారం సుల్తానాబాద్ అంగడిలో ఎండు మిరపకాయలు బేరం చేస్తుంటే మా పుట్టినూరి మనిషి ఒకడు ఎదురుపడ్డాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, పోబోతూ వెనక్కి తిరిగి, "అన్నట్టు అక్కా, మీ సాకలామె పోయింది, తెల్సా?" అన్నాడు.

"ఎప్పుడు? ఏమైంది?"

"పది దినాలైతుంది. ఏమైతది, ముసల్ది గద. వాగు కాడ బండ మీద కూసున్నది, మల్ల లేవలే."

మిరపకాయలు కొనకుండానే ఇంటికి వచ్చాను. సంచీ ఖాళీగా ఉండడం చూసి మా ఆయన ఏదో అనబోయాడు. చాకలామె పోయిందట అన్నాను. ఆయనకు అంతా తెలుసు కనుక ఇంకేమీ అడగలేదు. చెప్పులు విడిచి లోపలికి పోయి కూర్చున్నాడు.

ఆమె పేరు నేను రాయను. బతికి ఉన్నన్నాళ్ళు ఆ పేరు పెట్టి మా ఇంట్లో ఎవరమూ మర్యాదగా పిలవలేదు. ఇప్పుడు పోయాక కాగితం మీద మర్యాద చేస్తే ఏం బాగుంటుంది? నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దదాన్ని నేను "ఏమే" అనేదాన్ని. ఆమె నన్ను "అమ్మా" అనేది. ఊళ్ళో అదే రివాజు. రివాజు అని చెప్పి ఇప్పుడు తప్పించుకోవాలని చూస్తున్నాను గాని, తప్పు తప్పే.

ఆమె ఎవరి మొహమూ సరిగ్గా చూసేది కాదు. వాకిట్లో ఓరగా కూర్చుని, ఎదుటి మనిషి కొంగు అంచునో, అంగీ మెడనో చూస్తూ మాట్లాడేది. ఊళ్ళోవాళ్ళను బట్టలతోనే గుర్తు పెట్టుకునేది. "తొవ్వల ఎవరు కలిసిండ్రే?" అంటే, "గదేనమ్మా, ఎడమ భుజం కాడ అతుకేసిన అంగి పటేలు" అనేది. ఆ అతుకు ఆ పటేలు పెండ్లానికి కూడా గుర్తుంటుందో లేదో.

విడిచిన బట్టలు వేయగానే మూట కట్టుకుని పోయేది కాదు. ఒక్కొక్కటీ దులిపి, వెలుతురుకు ఎత్తి పట్టి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, అప్పుడు పక్కకు వేసేది. కొన్ని ఇటు, కొన్ని అటు.

"ఏందే, గట్ల కుక్క లెక్క వాసన సూస్తవు?" అని నేను ఎకసెక్కం ఆడేదాన్ని.

"ఏ మరకకెంత సౌడు పెట్టాల్నో తెల్వద్దా అమ్మా? మనిషి అబద్దమాడుతడు గని మరక ఆడది" అనేది.

సౌడు అంటే రేవులో బట్టలకు పట్టించే ఉప్పు మన్ను. దాన్ని కలిపిన నీళ్ళలో ముంచి, పెద్ద బానలో పేర్చి, కింద మంట పెట్టి ఉడకబెట్టేది. సబ్బు మా ఊళ్ళోకి అప్పటికింకా చుట్టపు చూపుగానే వచ్చిపోయేది. పొద్దంతా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆమె పాదాలు పగిలి తెల్లగా ఉండేవి. చేతి వేళ్ళ మీద గీతలు కూడా అరిగిపోయాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ మాటలు రాయడానికి సిగ్గుపడేవాళ్ళుంటారు. ఒంటికి పోవడం గురించి ఆడది రాయడమేమిటని ముక్కు మీద వేలు వేసుకునేవాళ్ళూ ఉంటారు. వేసుకోనీ. ఆ సిగ్గు వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలనే ఇదంతా.

పట్నం డాక్టర్లు గాజు గొట్టంలో పట్టి చూసేదాన్ని ఆమె ధోతి అంచున, చీర కుచ్చిళ్ళలో, పక్క బట్టల మీద చూసేది. ఆరిన చోట గంజి పెట్టినట్టు బిరుసుగా ఉండి, చీమలు పట్టాయంటే ఆ మనిషికి తీపి మూత్రం. పాలు ఒలికినట్టుంటే ఆ ఇంట్లో బోదకాలు ఉండనైనా ఉంది, రానైనా వస్తుంది. ఉడకబెట్టినా పచ్చదనం వదలకపోతే కామెర్లు. వేలి కింద సన్నగా గరగరలాడితే రాయి కరిగి పడుతోందని. ముసలాయన ధోతి ముందు భాగమంతా చుక్కలు చుక్కలుగా ఉంటే, పాపం, ఆయనకు ధార రావడం లేదు, లేచి నిలబడ్డాక కారుతోందని. ఇవన్నీ ఆమె నాకు కూర్చోబెట్టి నేర్పినవి కావు. రేవుకు పోయినప్పుడు నేను అడిగితే ఒకటీ అరా చెప్పేది. "ఇది ఎవరి ధోతే?" అంటే మాత్రం, "బండది" అని నవ్వి, గుర్తు కనబడకుండా మడత పెట్టేది.

నోట్లో నువ్వుగింజ నానని ఊరు మాది. ఆ ఊళ్ళో అందరి గుట్టూ తెలిసి, ఏ ఒక్కటీ బయటపెట్టనిది ఆమె ఒక్కతే. ఆ నోరు మూసుకోవడం వల్ల బాగుపడ్డదాన్ని నేనే.

పదకొండేళ్ళు వచ్చేదాకా నేను పక్క తడిపేదాన్ని. అవ్వ, అంటే మా అమ్మ, తిట్టింది, కొట్టింది, ఎవరో చెప్పారని పల్లేరు కాయల కషాయం తాగించింది. అది తాగితే ఇంకా ఎక్కువైంది. తెల్లారేసరికి చాకలామె వచ్చి, నా బొంతను బాపు ధోతుల మధ్యలో పెట్టి చుట్టి, ఎవరి కంటా పడకుండా తీసుకుపోయేది. ఒకసారి మా మేనత్త వచ్చి, వాకిట్లో అందరూ ఉండగా, "పిల్ల పక్క తడుపుతదటనే?" అని ఆమెనే అడిగింది. ఆమె ఇంత కూడా తడుముకోలేదు. "గంత అబద్దమా! ఆ బొంతలు ఉతికేది నేను గాదా?" అంది. పోతూ పోతూ నా పక్కన వంగి, "పొద్దూకినంక నీళ్ళు తక్వ తాగు బిడ్డా. పండేముంగట ఒంటికి పోయి పండు. అదే పోతది, ఫికర్ జెయ్యకు" అంది. మరుసటేడుకు అదే పోయింది. నన్ను బిడ్డా అని పిలిచింది ఆ ఒక్కసారే.

ఆమె నోరు అట్లా కట్టుబడడానికి వెనక ఒక కథ ఉంది. మా అవ్వ చెప్పింది. నేను పుట్టకముందు, ఊళ్ళో ఒక పెద్దింటి కొడుక్కు పెండ్లి కుదిరింది. ఆ పిల్లవాడి ధోతుల మీద చీము మరకలు పడుతున్నాయి. సెగరోగం. ఈమె చూసింది. అప్పుడు వయసులో ఉంది, మనసు ఆగలేదు. పిల్లది ఎవరి బిడ్డో పాపం అనుకుని, ఆడపిల్లవాళ్ళ ఊరి చాకలామె చెవిన వేసింది. పెండ్లి చెడిపోయింది. ఆ ఇంటివాళ్ళు ఊరుకుంటారా? ఈమె మొగుణ్ణి గుంజకు కట్టేసి కొట్టారు. కులపెద్దలు కూడా, ఇట్లయితే ఇక ఏ ఇల్లు మనకు బట్టలిస్తుందని, ఏడాదిపాటు వాళ్ళను కులానికి బయట పెట్టారు. మళ్ళీ కలుపుకున్న రోజున, మండుతున్న బాన మీద చెయ్యి పెట్టించి, ఒడిలో ఉన్న ఒక్క కొడుకు మీద ఒట్టు వేయించారు. బట్టలలో చూసింది నోటితో చెప్పకూడదని. తప్పితే ఆ కొడుకు దక్కడని. ఆమె అరచేతిలో ఆ కాలిన గుర్తు నేను చూశాను. పిచ్చి ఒట్టు అని నేను ఇప్పుడు సులువుగా అంటాను. ఆ కొడుకు నా కొడుకు కాదు కదా.

మా బాపు గురించి కొంచెం చెప్పాలి. నేను ఒక్కతినే బిడ్డను. అవ్వ పోయాక ఇల్లు నా చేతికి వచ్చింది. మా ఆయన ఇల్లరికం వచ్చాడు. బాపు ఆరడుగుల మనిషి, జలుబంటే తెలియదు. ఆయనకు ఉన్న ఒక్క షోకు తెల్ల ధోతి. కొంగు మీద నలక కనబడితే అన్నం మీద నుంచి లేచి మార్చుకునేవాడు. పాన్ ఒకటి నమిలేవాడు. అది ధోతి మీద పడకుండా మెడ ముందుకు చాచి ఉమ్మడం చూసి మేము నవ్వుకునేవాళ్ళం.

హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు. సద్దుల బతుకమ్మ తెల్లవారి, చాకలామె ఉతికిన బట్టలు తెచ్చింది. మూట అరుగు మీద పెట్టింది గాని, బాపు ధోతిని మాత్రం విడిగా చేతిలో పట్టుకుని ఉంది. నాకు అందించింది. మడత మీదికే, బొట్టుబిళ్ళంత, తుప్పు రంగు మరక. దాని పక్కన ఇంకో రెండు చిన్నవి.

"ఇదేందే?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఎవరి మొహమూ చూడని మనిషి అట్లా చూస్తే, అది వింతగా ఉందని నాకు అనిపించాలి. నాకు పండుగ అలసట, ఇంటినిండా చుట్టాలు.

"పాన్ మరక గూడ పోగొట్టరాదా నీకు?"

"జర మంచిగ సూడమ్మా."

"సూసిన. నాకు కండ్లున్నయి, నీకే పోయినట్టున్నయి. మల్ల ఉతుకు" అని ఆమె ఒళ్ళోకి విసిరాను. తీసుకుపోయింది. మరునాడు ధోతి మల్లెపువ్వులా వచ్చింది. చూశావా, తిడితేనే పని జరుగుతుంది అని మా ఆయనతో అన్నాను కూడా.

దీపావళి దాటాక మళ్ళీ అదే. ఈసారి మరక పెద్దది, నాలుగు వేళ్ళంత. మళ్ళీ నా చేతికే ఇచ్చింది. నా నోరు ఎట్లాంటిదో మా ఊరంతా ఎరుగును. ఆ రోజు ఏమేం అన్నానో ఇక్కడ రాయలేను. ఆమె నిలబడి అంతా విన్నది. ధోతిని మళ్ళీ ఉతికి తెచ్చింది.

మూడోసారి నాకు ఇవ్వలేదు. పొద్దున్నే బాపు అరుగు మీద కూర్చుని పాన్ కట్టుకుంటుంటే, ఎదురుగా దండెం మీద ఆయన ధోతిని మరక బయటికి కనబడేటట్టు ఆరవేసింది. ఉతికి ఆరిన బట్టను మా వాకిట్లో మళ్ళీ ఆరవేయడమేమిటి? నేను వంటింట్లో నుంచి వచ్చేసరికి బాపు దాన్ని చూస్తున్నాడు. ఆమె దండెం పక్కన తల వంచుకుని నిలబడి ఉంది. బాపు తేలు కుట్టిన దొంగలా చూపు తిప్పుకుని, "ఒళ్ళు జర ఉడుకు జేసినట్టున్నది బిడ్డా, సబ్జా గింజలు నానబెట్టు" అన్నాడు.

బాపుకు తెలుసన్నమాట. ఇప్పుడు అనుకుంటే తెలుస్తోంది. తెల్లవారుజామున మసక చీకట్లో చేను గట్టుకు పోయే మనిషి చూసుకున్నాడో లేదో గాని, ఆ ధోతి చూశాక తెలిసింది. నొప్పి లేదు. మంట లేదు. ఒక వారం పడితే నెల రోజులు పడదు. ఎదిగిన బిడ్డతో, అల్లుడితో ఏమని చెబుతాడు? ఉడుకు అనుకున్నాడు, సబ్జా తాగాడు, తగ్గిందనుకున్నాడు.

నేనేం చేశాను? సబ్జా నానబెట్టాను. ఆమె మీద ఇంతెత్తు లేచాను. "నీకు శాతగాదు ఇంక. రేపటి సంది నీ కోడల్ని తోలు, నువ్వు రాకు" అన్నాను.

"నేనే వస్తనమ్మా. నీ కాల్మొక్కుత, గీ ఒక్కింటికి నేనే వస్త" అంది.

పొగరు అనుకున్నాను. వద్దన్నాను. మరునాటి నుంచి కోడలు వచ్చింది. బాపు బట్టలను కూడా కోడలే వాగుకు తీసుకుపోయేది. ఆ పిల్లకు ఏం తెలుసు? మరక కనబడితే పోగొట్టడమే తెలుసు. మా ఇంటికి అంతా తెల్లగా వచ్చింది. ఆ తర్వాత ఆరు నెలలు ఒక్క మరక నా కంట పడలేదు.

మిరుగం కార్తె వానలకు ముందు బాపుకు మూత్రంలో నెత్తురు గడ్డలు పడ్డాయి. ఇక దాచలేకపోయాడు. పిక్కలు వాచాయి, మొహం ఉబ్బింది, తిన్నది తిన్నట్టు కక్కుకున్నాడు. ఒళ్ళంతా దురద. ఎక్కిళ్ళు పట్టుకుంటే జామున్నర ఆగేవి కావు. బండి కట్టి, బస్సెక్కించి కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరు నడి వయసు ముస్లిం ఆయన. బాపు పొట్ట కింద చెయ్యి పెట్టి ఒత్తి చూసి, నెత్తురు పరీక్ష చేయించి, మరునాడు మమ్మల్ని పిలిచాడు. ఒక కాగితం మీద బొమ్మ గీశాడు. పైన రెండు చిక్కుడు గింజలు, వాటి నుంచి రెండు తొవ్వలు, కింద ఒక సంచి.

"గివి గుర్దాలు. నెత్తుట్ల ఉన్న చెడునంత వడగట్టి నీళ్ళతోని కిందికి తోల్తయి. గిది సంచి. గీ సంచిల గడ్డ లేసింది. పెరిగి పెరిగి రెండు తొవ్వలు బంద్ జేసింది. ఇంక పైన గుర్దాలేం జేస్తయి, చెప్పుండ్రి? పోవాల్సిన చెడు పోతలేదు. మల్ల నెత్తుట్లనే కలుస్తుంది. గా వాంతులు, గా ఎక్కిళ్ళు అందుకే." తర్వాత బాపు వైపు తిరిగి, "నెత్తురు ఎప్పటి సంది పడుతుంది పెద్దమనిషీ?" అన్నాడు.

"పదిహేను దినాలైతది" అన్నాడు బాపు.

డాక్టరు నన్నూ మా ఆయననూ బయటి వసారాలోకి తీసుకువచ్చాడు. "గిది పదిహేను దినాల గడ్డ గాదమ్మా. ఆర్నెల్లు, ఎనిమిది నెలల కింద ఒక్క సుక్క పడ్డప్పుడు తెస్తే, హైదరాబాద్ తోలి కోపిచ్చెటోన్ని. నొప్పి లేదు గద అని అందరు ఊకుంటరు. నొప్పి లేకుండ పడే నెత్తురే ఖరాబు" అన్నాడు. ఇప్పుడు తీసుకుపోతే అని మా ఆయన అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "తొవ్వకే ఆగడు. ఇంటికి తీస్కపోండ్రి."

నా చేతిలో ఆ బొమ్మ కాగితం అట్లాగే ఉంది. సద్దుల బతుకమ్మ నుంచి లెక్కపెట్టుకున్నాను. ఎనిమిది నెలలు. పాన్ మరక కాదని నాకు అక్కడ, ఆ వసారాలో తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా అక్కడ ఏమీ లేదు.

బాపును ఇంటికి తెచ్చాం. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఉన్నాడు. ఒక్క చుక్క రాలేదు. నీళ్ళు తాగాలని నోరు పిడచకట్టుకుపోయేది, తాగితే ఒళ్ళు ఉబ్బేది. ఇవ్వాలో వద్దో తెలియక గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడేదాన్ని. ఆయన ఊపిరిలోనే మూత్రం వాసన వచ్చేది. తెల్ల ధోతి మీద నలక ఓర్వని మనిషి. చూడడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అట్లాంటి తొమ్మిది రోజులు పగవాళ్ళకు కూడా వద్దు.

బాపు పోయిన రెండేళ్ళకు మేము సుల్తానాబాద్‌కు మారాం. ఈ పదేళ్ళలో ఆమెను మూడు నాలుగుసార్లు చూశాను. ఒకసారి జాతరలో ఎదురుపడి, నా చీర అంచు చూసి, "రంగు దిగుతుందమ్మా, ఉప్పు నీళ్ళల్ల నానబెట్టు" అంది. క్షమించమని అడగాలనుకున్నాను. నోరు రాలేదు. చాకలామెను క్షమించమని అడగడమా అని లోపల ఒక పాత పొగరు ఇంకా కూర్చుని ఉందేమో. ఉంది. ఇప్పుడు అబద్ధమెందుకు?

బాపు కరీంనగర్ నుంచి వచ్చిన నాలుగో రోజున, ఎవరు చెప్పారో, ఆమె వచ్చింది. నేను రావద్దన్న తర్వాత మా వాకిట్లో కాలు పెట్టడం అదే మొదలు. గుమ్మానికి దూరంగా, ఓరగా నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల బాపుకు ఎక్కిళ్ళు పట్టి ఉన్నాయి. ఆమెను చూడగానే నాకు ఒళ్ళు మండింది. నా తప్పు ఎవరి మీదైనా వేయాలి కదా.

"నీకు బతుకమ్మ నాడే తెల్సు" అన్నాను.

"తెల్సమ్మా."

"తెల్సి నోరు మూసుకున్నవు. నీ ఒట్టు కోసం మా బాపును సంపినవు."

కేకకు పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు. ఆమె గొంతు ఎత్తలేదు. ఏడవను కూడా లేదు. తన చేతులు చూసుకుంది. తర్వాత తలెత్తి, మళ్ళీ ఆ రోజులాగే నా మొహంలోకి సూటిగా చూసింది.

"నోటితోని చెప్పద్దనే ఒట్టు గని, సేతులతోని చెప్పద్దని లేదమ్మా. నా పుట్టువుల నేను మరక ఉంచి తెచ్చింది గా ఒక్క ధోతే. రెండుమాట్ల నీ సేతికే ఇచ్చిన. మూడోమాటు మీ బాపు ముంగట దండెం మీదేసిన. నువ్వు మల్ల ఉతుకుమన్నవు. ఉతికిన."